తుగ్గలిలో మూడు దినములు

జ్యేష్ఠమాసమున తొలకరివానలు రెండు కురిసిన పిమ్మట మేము గుంతకల్లులో ప్యాసింజరు బండి యెక్కి తుగ్గలికి బయలుదేరితిమి. తుగ్గలి కర్నూలు జిల్లా పశ్చిమభాగమున, గుంతకల్లునుండి డోనుకు పోవు రైలుమార్గమున, మద్దికెర దాటిన పిమ్మట వచ్చు చిన్న స్టేషను. మండలమునకు ముఖ్యగ్రామమే యైనను మన సోదరీమణులలో పెక్కురు ఆ పేరు వినియుండరు. వినినవారు వజ్రముల మూలముననే వినియుందురు.

మేము వజ్రములకై పోలేదు. మా అన్నగారి యిల్లు అచ్చట గలదు. వారి కుమార్తె బెంగళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయుచున్నది. ఆమె యొక కాగితముపై సంతకము చేయవలెనో వలదో తేల్చుకొనలేక, "అత్తా, నీవొకసారి వచ్చి పో" యని ఫోను చేసినది. ఆ పిలుపునకే మేము బయలుదేరితిమి.

మద్దికెర దాటగానే కిటికీనుండి చూచిన దృశ్యము మాకు వింతగా తోచినది. ఎఱ్ఱనేల తడిసి మెఱయుచున్నది. నాగలి సాగవలసిన చేలలో మనుష్యులు గుంపులు గుంపులుగా వంగి నేలను వెదకుచున్నారు. ఆడువారు, మగవారు, పిల్లలు కూడ నున్నారు. మా బండిలోనే యొక పెద్దామె బియ్యము, గిన్నెలు మూటగట్టుకొని వచ్చుచుండెను. ఎచ్చటికని యడిగితిమి. "రాళ్లు ఏరుకునేదానికమ్మా. వాన పడితే పైమట్టి కొట్టుకొనిపోయి రాయి బయటపడుతుంది" అని బదులు చెప్పినది. తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి ప్రాంతముల చేలకు ప్రతి సంవత్సరము తొలకరిలో ఇట్లే జనము వత్తురు. ఇతర జిల్లాలనుండియు, కర్ణాటకమునుండియు వచ్చి, చెట్లక్రింద వంట చేసికొని, దేవళముల అరుగులపై నిద్రించి, దినములకొలది వెదకుదురు. పెక్కుమందికి గులకరాళ్లే మిగులును. ఏ యొకరికో అదృష్టము పట్టును. 2021లో చిన్నజొన్నగిరిలో నొక రైతునకు దొరికిన రాయి కోటి రూపాయలకు పైగా పలికినదని పత్రికలు వ్రాసినవి.

రాయి దొరికినవారికి దానిని సానబట్టు శక్తి లేదు. దూరపు బజారులకు గొనిపోవు ధైర్యమును లేదు. కనుక వ్యాపారి రాయిని చూచి, రంగు, జాతి, బరువు లెక్కగట్టి, కొంత రొక్కము, కొన్నిసారులు కొన్ని తులముల బంగారము నిచ్చి కొనును. ఆ పెద్దామె యీ సంగతులు చెప్పుచు, "రాయి దొరికేది దేవుని దయమ్మా. ధర పలికేది మాత్రం మన తెలివి. ఒక్కనికే చూపిస్తే వాడు చెప్పిందే రేటు. ఇద్దరు ముగ్గురికి చూపిస్తే వాళ్లే పైకి పాడుకుంటారు" అన్నది. అప్పటికి మేమా మాటను వినోదముగనే వింటిమి. అది మా అన్నగారి యింటి సమస్యకే పనికివచ్చునని మాకు తోచలేదు.

ఇల్లు చేరి, కాళ్లు కడిగికొని, వదినగారు పెట్టిన కొఱ్ఱన్నము తినిన పిమ్మట అమ్మాయి తన సంగతి చెప్పినది. ఆమె నాలుగేండ్లక్రిందట నలువదిమంది పనిచేయు నొక చిన్న కంపెనీలో చేరినది. దుకాణముల లెక్కలు చూచు సాఫ్ట్‌వేరు వారు తయారుచేసిరి. ఇట్టి క్రొత్త కంపెనీలను స్టార్టప్‌లందురు. జీతము తక్కువైనను, కంపెనీలో కొన్ని షేర్లు నీవగునని నియామకపత్రమున వ్రాసియిచ్చిరి. గత సంవత్సరమున నొక పెద్ద కంపెనీ దానిని కొనినది. కోట్లరూపాయల బేరమని తెలిసి మా అన్నగారు ఊరిలో మిఠాయి పంచిపెట్టిరి. తుదకు అమ్మాయి షేర్లకు ఒక్క రూపాయియు రాలేదు. మూడు మాసములలో ఆ సాఫ్ట్‌వేరును మూసివేసిరి. తోడివారిలో సగముమందిని పంపివేసిరి. అమ్మాయి పెద్ద కంపెనీలో నుద్యోగిగా మిగిలినది.

ఇప్పుడు మరియొక క్రొత్త కంపెనీవారు ఆమెను ఆరవ మనిషిగా రమ్మనుచున్నారు. జీతము నేటిదానికంటె మూడవవంతు తక్కువ. ఆ తగ్గుదలకు బదులుగా షేర్లిత్తురట. సోమవారములోగా జవాబు చెప్పవలెను. పని ఆమెకు మిక్కిలి యిష్టమైనది. కాని యింటిలో బోరుబావికై తెచ్చిన అప్పు ఇంకను తీరలేదు. తమ్ముని చదువు సగములో నున్నది. అన్నగారు వలదనిరి. వదినగారైతే, "ఒకసారి కాగితపు వజ్రము చూచితిమి గదా! మరల మెడలో వేసికొందుమా?" అని కన్నీరు పెట్టుకొనిరి.

ఆ రాత్రి మిద్దెపై కూర్చుండి మేము అమ్మాయిని, "ఈ కంపెనీలు పుట్టుటయేమి, అమ్ముడుపోవుటయేమి, మాకు తెలియునట్లు చెప్పు" మని యడిగితిమి. ఆమె మనవారి కథతోనే ప్రారంభించినది.

2005 దీపావళికి బెంగళూరులో పనిచేయుచున్న ఫణీంద్ర సామ అను తెలుగుయువకుడు ఇంటికి రావలెనని బస్సు టిక్కెట్టుకై ఎందఱో ఏజెంట్లచుట్టు తిరిగెను. టిక్కెట్టు దొరకలేదు. ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా నున్నదో ఏ యొక్కరికిని పూర్తిగా తెలియదని ఆయనకు అప్పుడు బోధపడెను. పిలానీ కళాశాలలో తనతో చదివిన సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు అను మిత్రులతో కలిసి 2006లో రెడ్‌బస్ అను కంపెనీ పెట్టెను. సీట్ల లెక్క యంతయు నొకచోట చూపి, ఇంటినుండియే టిక్కెట్టు కొనునట్లు వారు చేసిరి. 2013లో దక్షిణాఫ్రికాకు చెందిన నాస్పర్స్ వారి ఇబిబో సంస్థ దానిని కొనినది. సుమారు 800 కోట్ల రూపాయల బేరమని నాడు పత్రికలు వ్రాసినవి. 2017లో ఆ ఇబిబోయే మేక్‌మైట్రిప్ సంస్థలో కలిసిపోయినది. కాని రెడ్‌బస్ పేరు మాయలేదు. నేటికిని జనులు దానిలో టిక్కెట్లు కొనుచునే యున్నారు.

హైదరాబాదులో 2008లో సుధాకర్ రెడ్డి చిర్రా అను వారు అభిబస్ అను మరియొక కంపెనీ పెట్టిరి. పని యదియే, పోటీ గట్టిది. 2021లో ఇక్సిగో యను సంస్థ దానిని కొనినది. కొనిన సంస్థయే 2024లో తన షేర్లను జనసామాన్యమునకు బజారున అమ్మకమునకు పెట్టినది. "మనవారు నాటిన మొక్కలు రెండును పెద్దతోటలలో చేరినవి, అత్తా. కాని తోటలు రెండు గనుక బస్సు యజమానికి, ప్రయాణికునికిని ఇక్కడ కాకున్న అక్కడ అను దారి మిగిలినది" అని అమ్మాయి వివరించినది.

కొనువారు సర్వదా పరదేశీయులే యని తలపరాదు. 1999లో మన హైదరాబాదు సత్యం సంస్థకు చెందిన సత్యం ఇన్ఫోవే, రాజేశ్ జైన్‌గారి ఇండియావర్ల్‌డ్‌ను 499 కోట్లకు కొనినప్పుడు దేశమంతయు ఆశ్చర్యపడినది. పది సంవత్సరములు తిరుగకమునుపే, లెక్కలలో మోసము బయటపడి, 2009లో సత్యం కంప్యూటర్సే టెక్ మహీంద్రా చేతికి పోయినది. కొనినవాడు శాశ్వతముగా కొనువాడుగనే యుండడు.

"ఇంత ధనము పోసి ఎందులకు కొందురు?" అని యడిగితిమి. కారణములు మూడని చెప్పినది. చిన్న కంపెనీకి అలవాటుపడిన ఖాతాదారులకై కొనుట మొదటిది. 2014లో ఫేస్‌బుక్ వాట్సప్‌ను 1900 కోట్ల డాలర్ల బేరమునకు కొనినప్పుడు అచ్చట పనిచేయువారు సుమారు 55 మందియే, వాడుకొనువారో కోట్లకొలది. పనివాండ్ర నేర్పుకై కొనుట రెండవది. అప్పుడు మనుష్యులుందురు, వారు చేసిన వస్తువు పోవును. ఎదుగుచున్న పోటీదారును ముందుగనే తొలగించుకొనుటకై కొనుట మూడవది. అప్పుడు వస్తువును, కొన్నిసారులు మనుష్యులును పోదురు. తన మొదటి కంపెనీ యే కారణమున అమ్ముడుపోయినదో తనకు మూసివేసిననాడు గాని తెలియలేదని చెప్పుచు అమ్మాయి కొంతసేపు మౌనముగా నుండెను.

షేర్లకు సొమ్ము రాకపోవుటకు కారణము నామె లెక్క వేసి చూపినది. ఇది మన సోదరీమణులందఱు తెలిసికొనదగినది. స్టార్టప్‌కు పెట్టుబడి పెట్టువారు సాధారణముగా నొక నిబంధన వ్రాయించుకొందురు: కంపెనీని అమ్మినప్పుడు ముందు మా సొమ్ము మాకు ముట్టవలెను. వారు 90 కోట్లు పెట్టిరనుకొందము. కంపెనీ 100 కోట్లకు అమ్ముడుపోయినచో ముందు 90 వారికి పోవును. మిగిలిన 10 కోట్లే తక్కినవారు పంచుకొనవలెను. ఆ మిగులులో వేయింట నొకవంతు అమ్మాయిదైనచో ఆమెకు వచ్చునది లక్ష రూపాయలు. దానిలోనుండి పన్ను పోవును. కంపెనీ 80 కోట్లకే అమ్ముడుపోయినచో పెట్టుబడిదారులకే నష్టము; పనివాండ్రకు సున్న. పత్రికలో మాత్రము "80 కోట్ల బేరము" అని పెద్ద అక్షరములతో వచ్చును. తండ్రి మిఠాయి పంచును. ఇదియే మా అన్నగారి యింట జరిగినది.

మఱునాడు ఉదయమున అన్నగారు మమ్ములను ఎఱ్ఱగుడికి తీసికొనిపోయిరి. గుత్తినుండి పత్తికొండకు పోవు త్రోవలో, బండలపై అశోకచక్రవర్తి చెక్కించిన శాసనములున్నవి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతము. గత శతాబ్దపు మూడవ దశకమున నొక భూగర్భశాస్త్రజ్ఞుడు చూచువఱకు పండితులకు వీని జాడ తెలియలేదు. ఇచ్చటి చిన్న శాసనమున నొక విశేషము గలదు. కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును సాగును. ఎద్దు చాలు చివర మళ్లినట్లు చూపును త్రిప్పి చదువవలెను. అన్నగారు అది చూచి నవ్వుచు, "అమ్మాయీ, నీ ఉద్యోగపు కాగితమును గూడ ఇట్లే రెండు దిక్కులనుండి చదివితివా?" అనిరి. "ఎట్లు, నాయనా?" అని యామె యడిగినది. "కంపెనీ పెరిగినచో ఏమి వచ్చునని ఒక దిక్కునుండి, తగ్గిన ధరకు అమ్ముడుపోయినచో ఏమి మిగులునని రెండవ దిక్కునుండి" అని వారు బదులిచ్చిరి. చదువు తక్కువైనను, భూమినమ్మి బ్రదుకువారికి రెండవ దిక్కు ఎఱుకయే.

తిరుగుత్రోవలో అన్నగారు తమ పత్తిసంగతి చెప్పిరి. ఊరిలోనే తూచుకొనిపోవు దళారికి అమ్మినచో బండికిరాయి మిగులును. కాని యొక్కడు చెప్పినదే ధర. ఆదోని మార్కెట్టుయార్డునకు తోలుకొనిపోయినచో కుప్పను పలువురు వ్యాపారులు చూచి ధరలు వ్రాయుదురు; హెచ్చు వ్రాసినవానికి సరకు. కిరాయి పోయినను పోటీ మిగులును. రైలులోని పెద్దామె మాట మాకప్పుడు గుర్తునకు వచ్చినది. రాయికైనను, పత్తికైనను, కంపెనీకైనను సూత్ర మొకటియే: గుమ్మమున నిలిచిన కొనుగోలుదారు లెందఱన్నదే అమ్మువాని బలము.

అమ్మాయి దానికొక సవరణ చెప్పినది. కుప్ప ఆదోనికి చేరకమునుపే యొక ధనికుడు తక్కిన వ్యాపారులనందఱ కొనివేసినచో, యార్డు ఉండియు లేనట్లే గదా! అట్లు జరుగకుండుటకు మన దేశమున 2002 నాటి పోటీచట్టము, దాని క్రింద కాంపిటీషన్ కమిషనును ఉన్నవి. 2022 అక్టోబరున ఆ కమిషను, హోటళ్లవారు మరెచ్చటను తక్కువ ధరకు గదులియ్యరాదని నిబంధనలు పెట్టుట మొదలగు కారణములచే మేక్‌మైట్రిప్, గోఇబిబోలకు 223.48 కోట్లు, ఓయోకు 168.88 కోట్లు జుల్మానా విధించినది. చట్టములో నొక సందు చిరకాలముండెను. చిన్న కంపెనీకి అమ్మకములు, ఆస్తులు తక్కువ గనుక, దానిని వేలకోట్లకు కొనినను కమిషనుకు తెలుపవలసిన పనిలేక తప్పించుకొనవచ్చును. 2024 సెప్టెంబరు 10 నుండి ఆ సందు మూసిరి. బేరము విలువ 2000 కోట్లు దాటి, ఆ కంపెనీకి మనదేశమున చెప్పుకోదగిన వ్యాపారమున్నచో, ముందుగా అనుమతి పొందవలెను. "ఇది పెద్ద బేరములకు. నాబోటి కంపెనీలకు నా తెలివియే కమిషను" అని యామె అన్నది.

సాయంకాలమున వదినగారు వంటయింటినుండి యొక మాట వేసిరి. "ఎమ్మిగనూరు నేతవాండ్రకు గూడ సంఘములో షేర్లుండెడివి గదా! అవియు ఇట్టివేనా?" మంచి ప్రశ్న. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున చేనేత సహకార సంఘమును స్థాపించిరి. పనివాడే భాగస్వామి యగుట మనకు క్రొత్త సంగతి కాదు. కాని సహకార సంఘములో సభ్యునికి ఒక వోటు. సొమ్ము హెచ్చు పెట్టినవాడైనను ఒకటియే. స్టార్టప్‌లో అట్లు కాదు. పనివానికి షేరు ఉండవచ్చును; నిర్ణయము మాత్రము పెట్టుబడిదారులది, స్థాపకులది. షేరు అన్న మాట యొకటియే. మాట వెనుకనున్న అధికారము వేరు. ఇది విని వదినగారు, "అట్లైన నదియేదో కాగితముపై వ్రాసి యడుగు. ఇచ్చువాడు సిగ్గుపడనప్పుడు అడుగుదానికి సిగ్గెందులకు?" అనిరి. కన్నీరు పెట్టుకొన్న ముందునాటి వదినగారేనా యని మేము సంతోషించితిమి.

ఆ రాత్రియే అమ్మాయి క్రొత్త కంపెనీకి జాబు వ్రాసినది. మేము ప్రక్కన కూర్చుంటిమి. ప్రశ్నలు నాలుగు. కంపెనీ షేర్లు మొత్తమెన్ని, వానిలో నాభాగమెంత? అమ్మకము జరిగినచో పెట్టుబడిదారులకు ముందుగా ముట్టవలసినది ఎంత? షేర్లు నావగుటకు నాలుగేండ్లు పట్టునని, మొదటి సంవత్సరము నిండకున్న ఏమియు రాదని వ్రాసితిరి. నడుమనే కంపెనీని అమ్మినచో మిగిలినవాని గతియేమి? ఉద్యోగము మానినచో వచ్చిన షేర్లను ఎంతకాలములో సొమ్ము చెల్లించి తీసికొనవలెను? తుదకు, ఇంటి బాధ్యతల వలన జీతము తగ్గించుకొనజాలనని, కావలసినచో షేర్లు తగ్గించుడని వ్రాసినది. అంతటితో ఊరకుండక, వారితో పోటీపడు మరియొక కంపెనీకి గూడ ఉద్యోగమునకు దరఖాస్తు పంపినది. మేము ఆశ్చర్యముగా చూడగా, "రాయిని ఇద్దరికి చూపవలెను గదా, అత్తా!" అని నవ్వినది.

మూడవదినము మధ్యాహ్నమునకు మొదటి కంపెనీనుండి జవాబు వచ్చినది. మూడు ప్రశ్నలకు తిన్నగా సమాధానమిచ్చిరి. నడుమ అమ్మినచో ఏమగునన్న ప్రశ్నకు మాత్రము, "అప్పుడు చూతము" అని వ్రాసిరి. జీతము నేటి మట్టమునకు పెంచుటకు ఒప్పుకొని షేర్లు సగము తగ్గించిరి. అమ్మాయి ఫోనులో మాటాడి, సగమైనను వెంటనే తనవగునట్లు ఒక వాక్యము చేర్పించినది. చెప్పినంత సులభముగా జరుగలేదు. ఆమె గొంతు రెండుసారులు వణకుట మేము వింటిమి. రెండవ కంపెనీనుండి అప్పటికి జవాబే లేదు. అయినను మరియొక గుమ్మము తట్టితినన్న ధైర్యము ఆమె మాటలో నుండెను. అన్నగారికి పూర్తిగా సమ్మతి లేదు. "షేర్లను లెక్కలో చేర్చకు. జీతముతో ఇల్లు గడచినచో పో" అని తుదకు అంగీకరించిరి. అంతకంటె మంచి సలహా బెంగళూరున నెవ్వరిత్తురో మేమెఱుగము.

ఆ సాయంకాలము మేము స్టేషనుకు పోవునప్పుడు పెద్దామె మరల కనబడెను. ఆమెకు రాయి దొరకలేదు. మూట తేలికయైనది, బియ్యమైపోయినది. ఊరికి పోయి విత్తనము వేయవలెనట. "మళ్లీ వస్తావా?" అని యడుగగా, "చేను పని అయినాక వస్తానమ్మా. చేను ఇడిసిపెట్టి రాళ్లకు తిరిగితే ఎట్ల?" అన్నది.

సోదరీమణులారా! నేడు మన యిండ్ల బిడ్డలు పెక్కురు ఇట్టి కంపెనీలలో చేరుచున్నారు. అది మనకు తెలియని విద్యయని మనము దూరముగా నుండరాదు. జీతమెంత యని మాత్రమే యడిగి యూరకుండక, షేర్ల సంగతి, అమ్మకపు సంగతి, మానివేయు సంగతి గూడ అడుగుడు. బేరము మనకు క్రొత్తది కాదు. వేరుసెనగ నమ్మునప్పుడు, చీర కొనునప్పుడు మనము చూపు జాగ్రత్తయే యిచ్చట చూపవలెను. ఆశను చంపనక్కఱలేదు, ఆశకై చేనును బీడు పెట్టకున్న చాలును. మా అమ్మాయి వచ్చు మాసమున క్రొత్త పనిలో చేరుచున్నది. ఈ సారి మిఠాయి పంచుట కంపెనీ అమ్ముడుపోయిన నాడు కాదు, బోరుబావి అప్పు తీరిననాడేనని మా అన్నగారు నిశ్చయించుకొనిరి.